ఆరో ఇన్నింగ్సు తర్వాత

ఆ వేసవిలో ఒక బేస్‌బాల్ జట్టు మా తమ్ముణ్ణి కొనుక్కుంది. వాడు నన్ను కొసరుగా అంటగట్టాడు. ఈ ముక్క నేను నవ్వుతూనే చెబుతాను, వినేవాళ్లూ నవ్వుతారు. డెబ్బై మూడు జూన్‌లో, నెబ్రాస్కాలోని మా డెల్వర్ ఊళ్లో, మా వంటింటి బల్ల దగ్గర కుదిరిన బేరం అది. శీతాకాలం వచ్చేసరికి దాంట్లో మాకు మిగిలిందేమీ లేదు.

జట్టు తరఫున వచ్చినాయన లావుపాటి మనిషి. అమ్మ చేసిన కొలాచీ బన్నులు, నడిమధ్య ఆప్రికాట్ ముద్ద పెట్టినవి, అప్పటికే నాలుగు తిన్నాడు. ఐదోది చేతిలో ఉంది.

"ఇంకేం కావాలో అడుగు అబ్బాయ్," అన్నాడు లైల్‌తో. "కాలేజీ కుర్రాళ్లలో నీ అంత వేగంగా బంతి విసిరేవాణ్ణి ఈ పదేళ్లలో ఇద్దర్నే చూశాను. ఇద్దరూ ఇప్పుడు పెద్ద లీగులో ఉన్నారు."

"మా అన్న కూడా రావాలి," అన్నాడు లైల్.

"మీ అన్న ఏం చేస్తాడు?"

"నా బంతి పడతాడు."

ఆయన నా వైపు తిరిగాడు. నేను అప్పుడే ధాన్యం గోదాములో పని దిగి వచ్చాను. కనుబొమ్మల్లో ఇంకా ఊక ఉంది. లైల్ పిచ్చర్, బంతి విసిరేవాడు. నేను క్యాచర్ని, బ్యాటు పట్టినవాడి వెనకాల గొంతుక్కూర్చుని ఆ బంతిని అందుకునేవాణ్ణి. వాడికి పదేళ్లు, నాకు పదమూడేళ్లు ఉన్నప్పుడు గోదాము గోడ పక్కన మొదలైంది ఈ వ్యవహారం. వాడిది చేతిలో పుట్టిన విద్య. నాది ఓపిక, అంతకు మించి ఏమీ లేదు.

"బ్యాటు పట్టుకోవడం వచ్చా?" అని అడిగాడాయన.

"పట్టుకోవడం వచ్చు," అన్నాడు లైల్. "అక్కడితో సరి."

నాన్న నవ్వు ఆపుకోలేక దగ్గాడు. లావుపాటాయన ఐదో కొలాచీ పూర్తిచేసి, సరే, ఇద్దరూ రండి అన్నాడు. లైల్ ఎడంచేత్తో నా భుజం మీద ఒక్కటి చరిచాడు. ఆ బేరంలో వాడు తనకంటూ అడిగింది ఒక్కటీ లేదు. పెద్ద లీగులో ఆడాలి, నాన్న గోదాములో రేడియో పెట్టుకుని తన పేరు వినాలి. వాడి కోరిక అంతే, పదేళ్ల వయసు నుంచీ అంతే.

బయల్దేరే రోజు అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. ఆరేసిన దుప్పట్లు మడత పెడుతూ, నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"వాడు ఏదీ నోరు విప్పి చెప్పడు. చిన్నప్పుడు పంటికి చీము పడితే చెప్పాడా? దవడ వాచాక కదా మనం చూసింది."

"తెలుసమ్మా."

"వాడికి బుర్ర ఉంది, ఓర్పు ఉంది, అన్నీ ఉన్నాయి. అన్నం పెట్టేది మాత్రం ఆ చెయ్యే. దాన్ని నీకు అప్పజెబుతున్నాను వెర్న్. వాడు చెప్పినా చెప్పకపోయినా నువ్వే కనిపెట్టి చూసుకోవాలి."

"చూసుకుంటానమ్మా," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మమ్మల్ని పంపింది ఓక్లహోమాలో ఒక చిన్న లీగు ఊరికి. మేనేజరు రీమర్ అరవై ఏళ్లవాడు. బుగ్గలో ఎప్పుడూ పొగాకు ఉండ పెట్టుకుని, మాటకో ఉమ్ము చొప్పున ఉమ్మేవాడు. మేం చేరకముందే మా వంటింటి బేరం కథ ఆయన చెవిన పడింది. మొదటిరోజే నాకు పేరు పెట్టేశాడు.

"ఒరే కొసరూ, బంతుల సంచీ అందుకో. కొసరూ, ఆ పక్కకెళ్లి వీళ్ల చేత కాస్త విసిరించు."

జట్టంతా అదే పిలుపు అందుకుంది. ఒకటో బేసు దగ్గర ఆడే ఓటిస్ అనే పెద్దాయన మరీను. ముప్పై నాలుగేళ్లు వచ్చినా పెద్ద లీగు గడప తొక్కని మనిషి. "ఒరే, నీకు వచ్చే జీతం కూడా నీ తమ్ముడి జీతంలో తరుగేనా?" అని బస్సులో అందరికీ వినపడేలా అడిగేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. నా లెక్కలో నేను అక్కడికి ఆడటానికి రాలేదు, ఒక చేతికి కాపలా కాయడానికి వచ్చాను.

లైల్ జూన్‌లో మూడు ఆటలు గెలిచాడు, జూలైలో ఐదు. జూలై నడుమ జట్టు అసలు క్యాచర్‌కి వేలు విరిగింది. రీమర్ నన్ను చూసి, ఆకాశాన్ని చూసి, ఉమ్మి, "సరే కొసరూ, నువ్వే దిక్కు," అన్నాడు. అప్పట్నుంచీ లైల్ విసిరిన ప్రతి బంతీ నా చేతిలోనే పడింది. ఆ నెల రోజులూ మేమిద్దరం ఎంత సంతోషంగా ఉన్నామో చెబితే దిష్టి తగులుతుందని అప్పుడు చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పుకుని లాభం లేదు.

పిచ్చర్లకు ఒక అలవాటు ఉంది. ఎండ ఎంత మండిపోతున్నా, తమ వంతు ఇన్నింగ్సు విసిరి వచ్చి బెంచీ మీద కూర్చోగానే విసిరే చేతికి ఒక మందపాటి కోటు తొడుక్కుంటారు. చెమట ఆరి కండ బిగుసుకుపోకూడదని. లైల్‌ది నీలం ఉన్ని కోటు. నలభై డిగ్రీల ఎండలో కుడిచెయ్యి దాంట్లో దూర్చి, మిగతా సగం వీపు మీద వేలాడేసుకుని కూర్చుంటే ఓటిస్ ఊరుకునేవాడు కాదు.

"పెళ్లికొడుకుని ముస్తాబు చేశారు గానీ సగంలో ఆపేశారేంటి?" అనేవాడు.

"మిగతా సగం నీకోసం దాచాను బాబాయ్," అనేవాడు లైల్.

ఆగస్టు మూడో ఆదివారం మధ్యాహ్నం ఆట. పెద్ద లీగులోని మా పై జట్టు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి నా వెనక వరసలో కూర్చున్నారు. లైల్ కోసమే వచ్చారని వేరుశనక్కాయలమ్మే వాడికి కూడా తెలుసు.

నాలుగు ఇన్నింగ్సులు అయ్యేసరికి ఎదుటి జట్టులో ఒక్కడు కూడా సరైన దెబ్బ కొట్టి, పరిగెత్తి ఒకటో బేసు చేరలేదు. ఐదోదీ అలాగే గడిచింది. తొమ్మిది ఇన్నింగ్సులూ అలా ముగిస్తే పిచ్చర్‌కి అంతకంటే గొప్ప ఇంకొకటి లేదు. పాతికేళ్లు ఆడినా చాలామందికి ఒక్కసారి కూడా దక్కదు. దానికో పేరుంది. ఆట నడుస్తుండగా ఆ పేరు ఎవరూ పలకరు. పేరే కాదు, ఆ పిచ్చర్‌తో అసలు మాట్లాడరు. వాడి పక్కన కూర్చోరు, కళ్లలోకి చూడరు. మొదటి ఇన్నింగ్సులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో చివరిదాకా అక్కడే. ఏం చేశారో అదే చెయ్యాలి, చెయ్యనిది కొత్తగా చెయ్యకూడదు. కట్టు తప్పితే చేతికొచ్చింది జారిపోతుందని నమ్మకం. దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా దీన్ని నమ్ముతారు. నేనూ నమ్మాను. ఆ పేరు ఇప్పటికీ నా నోట రాదు.

ఆరో ఇన్నింగ్సులో నేను రెండు వేళ్లు చూపించి తిరుగుడు బంతి అడిగాను. లైల్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అడిగాను, మళ్లీ ఊపాడు. తిరుగుడు బంతి వాడికి ప్రాణం. అది విసరాలంటే మోచెయ్యి మెలి తిరగాలి. వేగం బంతే విసిరాడు. నా గ్లవ్‌లో అది పడ్డ చప్పుడు వేరుగా ఉంది. వాడి బంతి ఎండుకొమ్మ విరిగినట్టు పలికేది. ఇది మెత్తగా, తడిగుడ్డ పడ్డట్టు పడింది. బ్యాటు పట్టినవాళ్ల కంగారు మాకు కలిసొచ్చింది. ఒకడు గాల్లోకి లేపాడు, ఇంకొకడు తిన్నగా ఓటిస్ చేతిలోకి కొట్టాడు, మూడోవాడు ఊరికే ఊపి వెళ్లిపోయాడు. మైదానంలో జనం లేచి నిలబడ్డారు. ఆ చప్పుడు విన్నది నేనొక్కణ్ణే.

వచ్చి బెంచీ మీద కూర్చున్నాం. లైల్ ఆ చివర ఒంటరిగా కూర్చున్నాడు. వాడికీ మాకూ మధ్య ముగ్గురు పట్టే ఖాళీ. కోటు ఒళ్లో పెట్టుకుని కుడిచెయ్యి దూర్చబోయాడు. మోచెయ్యి దగ్గర ఆగిపోయింది. తీశాడు. కోటు ఇటు తిప్పి మళ్లీ ప్రయత్నించాడు. చెయ్యి చాచలేకపోతున్నాడు. మూడోసారి ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, అదేదో వేరేవాడి చెయ్యి అయినట్టు, దాన్ని లోపలికి తోయాలని చూశాడు. అదీ కాలేదు. బెంచీ మీద పదిహేను మంది ఉన్నాం. పదిహేను మందిమీ మైదానంలోకి చూస్తున్నాం. రీమర్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

నేను లేచాను. సగం లేచాను. పక్కనే ఉన్న ఓటిస్ చెయ్యి చాచి నా చొక్కా అంచు రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"కూర్చో," అన్నాడు పెదవులు కదపకుండా. "ఇన్నాళ్లూ ఆటపట్టించాను గానీ ఇప్పుడు నిజం చెబుతున్నా. వాడి దగ్గరకెళ్లి దీన్ని చెడగొట్టావంటే నీ మొహం మళ్లీ చూడను."

నేను కూర్చున్నాను. లైల్ కోటు భుజం మీద కప్పుకున్నాడు.

ఏడో ఇన్నింగ్సులో ఒకడు అవుటయ్యాక లైల్ తను నిలబడే మట్టిదిబ్బ దిగి వెనక్కి వెళ్లాడు. బంతి జారకుండా వాడే గుగ్గిలంపొడి సంచీ తీసుకుని చేతికి అద్దుకున్నాడు, కింద పడేశాడు. తర్వాత నా వైపు తిరిగి నిలబడ్డాడు. నా సైగ కోసం చూస్తున్నాడనుకున్నాను. కానీ దిబ్బ ఎక్కకుండానే చూస్తున్నాడు. మా మధ్య అరవై అడుగులు. అంపైర్‌కి చెయ్యెత్తి ఆట ఆపమని, నేను లేచి వెళ్లొచ్చు. క్యాచర్లు మామూలు రోజుల్లో పదిసార్లు వెళ్తారు. ఆ రోజు మాత్రం నేను అప్పటిదాకా ఒక్కసారీ వెళ్లలేదు. చెయ్యనిది కొత్తగా చెయ్యకూడదు కదా. నేను ఒక వేలు చూపించాను, వేగం బంతి అని. వాడు తల ఊపి దిబ్బ ఎక్కాడు.

ఆ తర్వాతంతా వేగం బంతులే, ఆ వేగం కూడా పేరుకే. వాళ్లు కొట్టిన ప్రతి బంతీ ఎవడో ఒకడి గ్లవ్ వెతుక్కుంటూ పోయింది. చివరివాడు అవుటయ్యేసరికి నూట నలభై దాకా విసిరాడు. జట్టంతా వాడి మీద పడింది. అప్పటిదాకా మూతులు కుట్టేసుకున్నవాళ్లు అరుస్తున్నారు, ఓటిస్ ఏడుస్తున్నాడు. లైల్ అందర్నీ ఎడంచేత్తోనే కౌగిలించుకున్నాడు.

గంట తర్వాత రీమర్ మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. పొగాకు ఉండ తీసి పారేసి ఉన్నాడు. అలా ఆయన్ని అంతకు ముందు చూడలేదు.

"రేపు పొద్దున విమానం. నువ్వు పైకి వెళ్తున్నావు నాయనా," అన్నాడు లైల్‌తో. "మే నెలలో కాలేజీ, ఆగస్టులో పెద్ద లీగు. నలభై ఏళ్లలో నేను చూడలేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "పైవాళ్లకు కొసరు అక్కర్లేదట. ఏమీ అనుకోకు." నా చేతుల వంక చూశాడు. "చెయ్యి ఎలా ఉంది వాడిది? నువ్వు పట్టావు, నీకు తెలియాలి."

"బానే ఉంది," అన్నాడు లైల్.

నేను నోరు మెదపలేదు. ఆట అయిపోయింది, కట్టూ లేదు, నియమమూ లేదు. రీమర్ అడిగింది నన్నే. కానీ వాడి మొహం చూశాను. పదేళ్ల వయసు నుంచీ వాడు ఆ మాట కోసం ఎదురుచూశాడు. చెయ్యి బాగాలేదని నేను చెబితే ఆ విమానం వాడు లేకుండానే వెళ్లిపోతుంది. రీమర్ నా మౌనాన్ని అవునని తీసుకున్నాడు. తీసుకోవాలనే ఉందేమో ఆయనకూ.

గదిలో సంచీ సర్దుకుంటూ లైల్ అన్నాడు, "పైన మంచి డాక్టర్లుంటారన్నా. నాలుగు రోజులు విశ్రాంతి దొరుకుతుంది."

"నొప్పిగా ఉందా?"

"లేదు," అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మినట్టు తల ఊపాను.

వారం తిరక్కుండా నన్ను జట్టు నుంచి తీసేశారు. బస్సెక్కి ఇంటికొచ్చాను. అమ్మ అడిగిన మొదటి మాట, "చెయ్యి ఎలా ఉంది?" తన చేతులకు పిండి అంటుకుని ఉంది. బానే ఉందన్నాను. రీమర్‌కి నేను చెప్పకుండా తప్పించుకున్న అబద్ధం మా అమ్మకు చెప్పాను.

సెప్టెంబరు మొదటి శనివారం మధ్యాహ్నం లైల్ ఆట. నాన్న గోదాములో తూకం గదిలో రేడియో పెట్టాడు. ధాన్యం లారీల వాళ్లు కూడా ఇంజన్లు ఆపి గుమ్మం దగ్గర చేరారు. అమ్మ ఇంటి నుంచి కుర్చీ తెచ్చుకుంది. రేడియోలో మా ఇంటి పేరు కూబిచెక్ అని కాకుండా ఇంకేదోగా పలికాడు. నాన్న సరిదిద్దలేదు. కళ్లు తుడుచుకుంటూ, "మనవాడే," అన్నాడు అందరితో.

మొదటివాణ్ణి లైల్ నాలుగు బంతుల్లో పంపించేశాడు. రెండోవాడు బంతి గాల్లోకి లేపి అవుటయ్యాడు. లారీల వాళ్లు నాన్న వీపు చరిచారు. మూడోవాడికి రెండు బంతులు వేశాక రేడియోలో మాట ఆగింది. జనం గోల కూడా తగ్గింది. "కుర్రవాడు చెయ్యి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు," అన్నాడు రేడియో మనిషి. "బంతి చాలా పక్కకు పోయింది. ఎక్కడికి పోయిందో నేను చూడలేదు." తిరుగుడు బంతి విసిరి ఉంటాడు. పైన అడిగే క్యాచర్‌కి ఏం తెలుసు?

అమ్మ రేడియో వైపు చూడలేదు. నా వైపు చూసింది. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. కాసేపటికి లేచి, తన కుర్చీ తనే పట్టుకుని ఇంటికి నడిచి వెళ్లిపోయింది. మొత్తం పదకొండు బంతులు. పెద్ద లీగు పుస్తకాల్లో మా తమ్ముడి పేరు ఎదురుగా ఇప్పటికీ అవే ఉన్నాయి.

మోచేతి లోపలి నరం పూర్తిగా తెగిందన్నారు. కొంతకాలంగా కొద్దికొద్దిగా చిరుగుతూ ఉండి ఉంటుందని, ముందే ఆపి రెండు మూడు నెలలు విశ్రాంతి ఇస్తే అతుక్కునేదేమోనని డాక్టరు అన్నాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా ఆకులు లేవు. తెగినదాన్ని కుట్టే వైద్యం తర్వాత వచ్చిందట, చాలామంది బాగుపడ్డారట. మా చెవిన ఆ కబురు పడేసరికి లైల్ గోదాములో తూకం పుస్తకం ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నాడు.

అక్టోబరులో మొక్కజొన్న కోతలు. లైల్ ఇంటికి వచ్చి నెల దాటింది. కుడిచెయ్యి సగానికే సాగుతుంది, సగానికే ముడుచుకుంటుంది. ఊళ్లో ఎవరూ ఏమీ అడగరు. వాడు కాఫీ హోటల్లోకి వస్తే మాటలు ఆపేస్తారు, వాడి పక్క కుర్చీ ఖాళీగా వదిలేస్తారు. మర్యాద అనుకుంటారు పాపం. నాకు మాత్రం ఆ బెంచీ కనిపించేది. ఇంట్లో కూడా అంతే. అన్నాలు తినేటప్పుడు వాడికి మాంసం కోసిపెట్టడానికి అమ్మ చెయ్యి చాచేది, మేం గోడలు చూసేవాళ్లం. వాడు ఓర్చుకునేవాడు. వాడికి తెలిసిన విద్యల్లో ఆ ఒక్కటే మిగిలింది. నా కోసమైనా వాడు నా మీద అరిస్తే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి.

నవంబరులో ఒక ఆదివారం, చర్చి హాల్లో భోజనాలు. మంచు పడబోతోంది. అమ్మా నాన్నా అప్పటికే కారెక్కారు. లైల్ గుమ్మం దగ్గర కోటు పట్టుకుని నిలబడ్డాడు. రోజూ అమ్మ తొడుగుతుంది. నేను వాణ్ణి దాటుకుని బయటికి వెళ్లబోతున్నాను.

"పట్టుకో అన్నా," అన్నాడు.

నేను కోటు అందుకుని తిప్పి పట్టుకున్నాను. వాడి కుడి మణికట్టు పట్టుకుని మెల్లగా లోపలికి దారి చూపించాను. మోచెయ్యి దగ్గర కాస్త ఆగి, కోటును కిందికి దించి, భుజం మీదికి లాగాను. అర నిమిషం కూడా పట్టలేదు. వాడు వెచ్చగా ఉన్నాడు, మొహం కడుక్కున్న సబ్బు వాసన వస్తోంది.

"ఆ రోజు నువ్వు లేచావు," అన్నాడు.

ఏ రోజని నేను అడగలేదు. "ఓటిస్ పట్టుకున్నాడురా," అన్నాను.

"చూశాను." లైల్ ఎడంచేత్తో మెడ దగ్గర గుండీ పెట్టుకుంటున్నాడు. కోపం లేదు ఆ గొంతులో, ఏమీ లేదు. "రెండు వేళ్లతో పట్టుకున్నాడు."

నాన్న హారన్ కొట్టాడు. వాడు ముందు మెట్లు దిగాడు. నేను తలుపు వేసి వెనకాల వెళ్లాను.